జాకీ కింద ఏముంది?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. లెక్కల మాస్టారుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. 2008లో ఐదు సెంట్ల వరిచేను కొని, 1986 వరద గుర్తుకు పైన ఉండాలని నాలుగడుగులు మెరక చేయించి, పన్నెండు వందల చదరపుటడుగుల డాబా కట్టాను. పిల్లర్ల ఇల్లు, ఫుటింగులు (పిల్లర్ల అడుగున పోసే కాంక్రీటు పాదాలు) నాలుగడుగుల చదరం, ఐదడుగుల లోతు. 2019లో నైరుతి మూల మీద ఒక పైగది వేసి, దాని నెత్తిన వెయ్యి లీటర్ల ట్యాంకు పెట్టాం. మరుసటి ఏడాది పడమటి పక్క రైతు మా గోడకు ఇరవై అడుగుల దూరంలో చేపల చెరువు తవ్వాడు. 2021 వేసవి నుంచి నైరుతి గది కుంగుతోంది. కిటికీ మూల నుంచి మెట్లు మెట్లుగా బీట పైకి పాకింది. పైన వేలు దూరేంత ఉంది, కింద సన్నం. ఎండాకాలం విచ్చుకుంటుంది, సార్వా నాట్ల నాటికి కొంత మూసుకుంటుంది కానీ పూర్తిగా మూయదు. జాకీల వాళ్ళు ఇల్లంతా మూడడుగులు లేపుతామంటున్నారు. డాలస్‌లో ఉన్న మా అబ్బాయి తన ఇంటికి ప్రెస్డ్ పైలింగ్ చేయించాడు; ఆ వీడియో పంపి మనమూ అదే చేయిద్దామంటున్నాడు. నైరుతి పల్లమైతే యజమానికి కీడని వాస్తు చూసే ఆయన మా ఆవిడను భయపెట్టాడు. పక్కింటివాళ్ళు కొబ్బరిచెట్టు కొట్టేయమంటున్నారు. ఎవరి మాట వినమంటారు? మాఘంలో మనవరాలి ఓణీల వేడుక డాబా మీద పెట్టుకోవచ్చా?

సమాధానం: మాస్టారు గారూ, మీకు సలహా చెప్పిన నలుగురిలో నిజానికి దగ్గరగా ఉన్నది మీ అబ్బాయి. అయితే డాలస్‌లో చేసిన పనిని ఉన్నదున్నట్టుగా రాజోలులో చేయిస్తే ఆ డబ్బు నేలలోకి పోతుంది, అక్షరాలా.

ముందు జాకీల వాళ్ళ సంగతి తేల్చుకుందాం. మన జిల్లాల్లో ఇళ్ళు లేపించుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త సిమెంటు రోడ్డు వేసుకుంటూ పోవడంతో వీధి పైకి వచ్చింది, ఇళ్ళు గోతిలో పడ్డాయి. వాన పడితే వీధి నీళ్ళు నట్టింట్లోకి వస్తాయి. అలాంటి ఇంటికి జాకీలు మంచి మందే. గోడల అడుగున ఇనుప చానళ్ళు దూర్చి, వాటి కింద వరసగా జాకీలు పెట్టి, మేస్త్రి ఈల వేయగానే అందరూ ఒకేసారి ఒక చుట్టు తిప్పుతారు. చూడముచ్చటగా ఉంటుంది, ఊరంతా పోగవుతుంది. కానీ ఒక్క ప్రశ్న అడగండి: ఆ జాకీ దేని మీద నిలబడింది? మీ పాత పునాది మీద. ఆ పునాది దేని మీద ఉంది? కుంగుతున్న ఆ మట్టి మీదే. ఇల్లు లేస్తుంది కానీ మట్టి మారదు.

పైగా కొత్త బరువు వస్తుంది. ఇల్లు మూడడుగులు లేచాక గదుల్లోపల అంత ఎత్తునా మట్టో ఇసుకో నింపి గచ్చు చేయాలి కదా. పన్నెండు వందల చదరపుటడుగులకు మూడడుగుల ఎత్తంటే నూట డెబ్భై టన్నుల పైమాట. మీ ఒంటి అంతస్తు ఇల్లు మొత్తం తూగేది సుమారు నూట యాభై టన్నులు. కుంగుతున్న ఇంటి నెత్తిన మరో ఇల్లంత బరువు పెట్టడాన్ని చికిత్స అంటారా? మీది పిల్లర్ల ఇల్లు కాబట్టి ప్రతి పిల్లరునూ కోసి, చువ్వలు అతికి, నడుమ కొత్త కాంక్రీటు పోయాలి. ఆ అతుకు ఎలా కుదురుతుందో పైకి కనిపించదు.

మా మేనత్తగారింట్లో ఇది స్వయంగా చూశాను. తూర్పు మూల కుంగిందని ఇల్లంతా జాకీలతో లేపించారు. మొదటి వేసవి బాగానే గడిచింది. రెండో వేసవిలో అదే మూల, అదే వైపు, అంతకంటే వేగంగా దిగింది. కుంగడం గురించి మా ఒప్పందంలో లేదండి, లేపడం ఒక్కటే ఉంది అన్నాడు లేపినాయన. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు.

ఇక మీ అబ్బాయి పంపిన వీడియో. ప్రెస్డ్ పైలింగ్‌లో జాకీ పని తలకిందులుగా ఉంటుంది. పునాది బీము కింద గొయ్యి తీసి, ఆరంగుళాల మందం, అడుగు పొడవు ఉండే కాంక్రీటు దిమ్మను నిలబెట్టి, దాని మీద జాకీ పెట్టి, ఇంటి బరువునే ఆనుగా చేసుకుని దిమ్మను నేలలోకి నొక్కుతారు. అది దిగాక దాని మీద ఇంకొకటి, దాని మీద మరొకటి. నుయ్యి కట్టేటప్పుడు వర మీద వర పెట్టి దించడం మీరు చూసే ఉంటారు. గోదావరి మీద రైలు వంతెనల స్తంభాలు నిలబడింది కూడా అలా దించిన బావుల మీదే. తేడా ఏమిటంటే, వరను లోపలి మట్టి తవ్వి దాని బరువుతోనే దించుతాం, ఈ దిమ్మను పక్కకు మట్టి తీయకుండా నొక్కి దించుతాం. ఇక దిగనని నేల మొండికేసి ఇల్లే పైకి కదలబోయే దాకా నొక్కుతారు. అక్కడ ఆపి, పైన ఉక్కు పలకలు బిగించి, ఇంటిని ఆ స్తంభానికి, అంటే పైల్‌కు, అప్పగిస్తారు.

ఈ ఊహ టెక్సాస్‌లో పుట్టింది కాదు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో న్యూయార్క్‌లో భూగర్భ రైలు మార్గాలు తవ్వుతున్నప్పుడు పక్కనున్న భవనాలు ఒరిగిపోకుండా ఉక్కు గొట్టాలను ముక్కలు ముక్కలుగా జాకీలతో నొక్కి దించేవారు. అప్పుడు వాళ్ళు కనిపెట్టిన కిటుకు ఒకటి ఈనాటికీ ముఖ్యం. జాకీ వదలగానే గొట్టం స్ప్రింగులా కొంచెం పైకి తన్నుతుంది. మళ్ళీ భవనం బరువు పడగానే ఆ కొంచెమూ కిందికి దిగుతుంది, గోడ మళ్ళీ పగులుతుంది. అందుకని జాకీ పూర్తి ఒత్తిడి మీద ఉండగానే, దాన్ని వదలకముందే, పక్కన ఉక్కు ఆనులు బిగించేస్తారు. మీ ఇంట్లో ఎప్పుడైనా ఈ పని జరిగితే ఆ ఒక్క క్షణం మీరు దగ్గరుండి చూడండి. మిగతా అంతా సరిగా చేసి ఇక్కడ తొందరపడిన పనివాళ్ళున్నారు.

స్తంభం బరువును మోసేది ఎక్కువగా దాని పక్కలను పట్టుకున్న మట్టి. ఊడుపు మడిలో కాలు దిగబడినప్పుడు వెంటనే లాగితే వచ్చేస్తుంది. కాసేపు అలాగే నిలబడితే బురద పిక్కను పట్టేస్తుంది, ఇక వదలదు. బంకమట్టిలో పైల్‌కు జరిగేది అదే. నొక్కేటప్పుడు కలిగిన కదలికకు మట్టి మెత్తబడి దారి ఇస్తుంది. తర్వాత రోజులు, వారాలు గడిచేకొద్దీ బిగుసుకుంటుంది. నొక్కిన నాటి బలం కంటే నెల తర్వాతి బలం ఎక్కువగా ఉండడం మన మెత్తటి మట్టికి ఉన్న మంచి గుణం.

మరి డాలస్‌లో బాగా పనిచేసింది ఇక్కడెందుకు చేయదు? అక్కడి ఇల్లు చెక్క చట్రం మీద కట్టినది, తేలిక. దాని పునాది ఒకే పోతగా పోసిన కాంక్రీటు పలక; అంచుల్లో బీములు అందులోనే కలిసి ఉంటాయి. ఆ బీము కింద ఎక్కడ జాకీ పెట్టినా తట్టుకుంటుంది. అక్కడి మట్టి ఉబ్బి కుంచించుకునే నల్లమట్టి. టెక్సాస్ రాష్ట్రపు మట్టిగా చెప్పుకునే ‘హ్యూస్టన్ బ్లాక్’ మన నల్లరేగడికి తోడబుట్టినదే. అయితే డాలస్ చుట్టుపక్కల ఆ మట్టి అడుగున సున్నపురాయి, పలకరాయి అట్టే లోతులో లేకుండా దొరుకుతాయి. దిమ్మలు గట్టిదనాన్ని తాకుతాయి. మన కింద రాయి ఏది? గోదావరి యుగయుగాలుగా మోసుకొచ్చి పోసిన ఒండ్రు మీద కూర్చున్నాం మనం. ఎంత లోతుకు వెళ్ళినా బంకమట్టి, ఇసుక, మళ్ళీ బంకమట్టి. ఇక్కడ ‘గట్టి నేల తగిలింది’ అని ఎవరైనా అంటే ఏదో ఇసుక పొర తగిలిందని అర్థం. దాని అడుగున మళ్ళీ మెత్తటి మట్టి ఉందో లేదో జాకీకి తెలియదు.

ఇంకో చిక్కు. మెత్తటి బంకమట్టిలో ఆరంగుళాల పైల్‌కు మీటరుకు సుమారు ఒక టన్ను పట్టు వస్తుంది. పది టన్నులు మోయాలంటే పది మీటర్లు దిగాలి. అదే మట్టి మే నెలలో పైన ఎండి రాయిలా బిగుసుకున్నప్పుడు మీటరుకు మూడున్నర టన్నుల పట్టు చూపిస్తుంది. అంటే మూడు మీటర్లకే జాకీ ఆగిపోతుంది. పనివాడు జాకీ మీటరు చూసి పది టన్నులు వచ్చేశాయండి అంటాడు. ఆగస్టులో ఆ మూడు మీటర్లూ నాని మెత్తబడగానే ఆ పదీ రెండో మూడో అవుతాయి. రేగడి నేలల్లో తేమ మార్పులకు నేల ఉబ్బి తగ్గే లోతు సుమారు మూడున్నర మీటర్లు. మన దేశంలో ఇలాంటి నేలకు గుబ్బ అడుగున్న పైల్స్‌ను రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రూపొందించినప్పుడు కూడా, ఆ గుబ్బను ఈ పొరకు దిగువనే ఉంచమన్నారు. కాబట్టి ఈ పని ఎండాకాలంలో చేయించకండి. వానలు తగ్గి నేల ఇంకా నానే ఉన్న కార్తీకం, మార్గశిరం మంచి రోజులు. ఇందులో పంచాంగం ప్రమేయం లేదు.

ఇప్పుడు అసలు మీ ఇల్లు ఎందుకు కుంగుతోంది? లెక్క మీకు ఇష్టం కాబట్టి లెక్కే చెబుతాను.

ఐదు సెంట్లంటే రెండు వందల చదరపు మీటర్లు. నాలుగడుగుల మెరక అంటే సుమారు నాలుగు వందల టన్నుల మట్టి. ఇల్లు నూట యాభై. అంటే ఆ చేను మీద మీరు పెట్టిన బరువులో ఇంటిది నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ, మిగతాదంతా మెరకది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన 1986 ఆగస్టు వరదను చూసినవాళ్ళెవరూ మెరక చేయకుండా ఇల్లు కట్టరు. దాన్ని తప్పు పట్టడం లేదు. కానీ తడి గుడ్డను పిండితే నీళ్ళు వచ్చినట్టు, బరువు పడిన బంకమట్టిలోంచి నీరు మెల్లగా బయటకు పోతుంది, నేల దిగుతుంది. ఏళ్ళు పడుతుంది. మట్టి పొర రెట్టింపు మందమైతే నాలుగు రెట్ల కాలం పడుతుందని టెర్జాఘీ 1925 ప్రాంతంలోనే లెక్క కట్టి చూపించాడు. మెరక చేసి వెంటనే కట్టకుండా రెండు మూడు వానాకాలాలు ఆగి ఉంటే ఈ దిగుడులో కొంత భాగం ఇల్లు లేని రోజుల్లోనే తీరిపోయేది. ఇప్పుడా మాట ఎందుకులెండి. ఇన్నేళ్ళు గడిచాయి కనుక మెరక వల్ల వచ్చే దిగుడు చాలావరకు మందగించి ఉండాలి. అది ఇంటినంతా ఇంచుమించు సమంగా దించేది కూడా.

ఒక మూలను మాత్రమే దించింది పైగది. నైరుతి మూల ఫుటింగు మీద ఒంటి అంతస్తు నాడు పది టన్నుల దాకా ఉండేది. నాలుగడుగుల చదరం అంటే ఒకటిన్నర చదరపు మీటర్లు. చదరపు మీటరుకు ఆరేడు టన్నులు పడుతుంది. డెల్టా మెత్తటి మట్టికి ఐదారు టన్నులే క్షేమం, అంటే అప్పటికే అంచున ఉన్నారు. 2019లో గదీ స్లాబూ పిట్టగోడా ట్యాంకూ కలిపి మరో పది టన్నులు ఎక్కించారు. ఇప్పుడు చదరపు మీటరుకు పదమూడు. వాస్తు ప్రకారం నైరుతి బరువుగా ఉండాలంటారు కదా, ఉంది. నేల ఆ మాటను మరీ మనసుకు తీసుకుంది.

చెరువు సంగతి దీని తర్వాత. చెరువు నిండా నీళ్ళున్నప్పుడు ఆ నీటి ఒత్తిడే గట్టును పక్క నుంచి ఆపుతుంది. పట్టుబడి రోజున రాత్రికి రాత్రి ఇంజన్లు పెట్టి తోడేస్తే ఆ ఆసరా పోతుంది. గట్టులోపలి మట్టి మాత్రం ఇంకా తడిసి బరువుగానే ఉంటుంది, చెరువు వైపు జారుతుంది. చెరువు ఆరడుగుల లోతు అనుకుంటే, ఇరవై అడుగుల దూరం అంటే అంచు మీద ఉన్నట్టే. ఆ రైతుతో తగువు పెట్టుకోవద్దు. మీ వైపు గట్టు లోపలివాలు కాస్త ఏటవాలుగా చేసుకోమని, నీళ్ళు తోడేటప్పుడు నాలుగైదు రోజులు తీసుకోమని అడగండి. గట్టు జారితే ఆయనకూ నష్టమే, వింటాడు.

వేసవిలో బీట విచ్చుకోవడానికి కారణం కాలువలు. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక కాలువలకు నీళ్ళు ఆపేస్తారు. పది నెలలు నానిన నేల ఒక్కసారిగా ఎండుతుంది, చేలల్లో కాలు పట్టేంత నెర్రెలు వస్తాయి. జూన్‌లో నీళ్ళు వదలగానే మళ్ళీ ఉబ్బుతుంది. మీ బీట కొంత మూసుకుంటోందంటే ఈ ఊపిరి అందులో ఉంది. పూర్తిగా మూయడం లేదంటే కుంగడమూ ఉంది. ఈ రెండు జబ్బులకూ మందు వేరు వేరు. కాబట్టే ముందు కొలిచి చూడకుండా మందు జోలికి వెళ్ళకూడదంటాను.

కొబ్బరిచెట్టును వదిలేయండి. దానివి పీచు వేళ్ళు. మర్రీ రావీ లాగా లావెక్కి పునాదిని తోయవు. కోనసీమలో కొబ్బరిచెట్టు పక్కన ఉన్న ఇళ్ళన్నీ కుంగాలంటే ఊళ్ళే ఉండేవి కావు.

కొందరు పాఠకులు గ్యాస్ బావుల వల్ల డెల్టా మొత్తం దిగుతోందని, ఇళ్ళు అందుకే పగులుతున్నాయని రాస్తుంటారు. ప్రాంతం మొత్తం దిగితే మీ ఇల్లూ, పక్కిల్లూ, గుడీ, కాలువ గట్టూ కలిసి దిగుతాయి. అలా దిగితే వరదకు, సముద్రానికి భయపడాలి. ఒక ఇంటి నైరుతి మూల ఒక్కటే దిగడానికి అంత దూరం వెళ్ళి కారణం వెతకనక్కరలేదు.

ఇక చేయవలసినవి. మొదట ట్యాంకు దించండి. వెయ్యి లీటర్ల నీళ్ళంటే టన్ను. దాన్ని దక్షిణం గోడ నడిమి పిల్లరు మీదికి మార్చినా అది ఇంకా దక్షిణమే, వాస్తు ఆయన ఒప్పుకుంటాడు. పైగదిలో పుస్తకాల బీరువాలు, ధాన్యం బస్తాలు ఉంటే ఖాళీ చేయండి. డాబా మీద వాననీటి గొట్టం ఎక్కడ పడుతోందో చూడండి. చాలా ఇళ్ళలో అది కుంగిన మూల దగ్గరే ఉంటుంది. దాన్ని వీధి కాలువ దాకా పొడిగించండి. స్నానాలగది నీళ్ళు ఇంకే గుంత గోడకు దగ్గరగా ఉంటే దూరం జరపండి. ఇంటి చుట్టూ నాలుగడుగుల వెడల్పున బయటికి వాలుగా సిమెంటు చప్టా వేయిస్తే గోడ వారన నేల ఎండలో అంతగా ఎండదు, వానలో అంతగా నానదు. వీటి మొత్తానికయ్యే ఖర్చు జాకీల వాళ్ళ బయానా కంటే తక్కువే అవుతుంది.

తర్వాత ఒక నోటుబుక్కు పెట్టండి. బీటకు అడ్డంగా మూడు చోట్ల సన్నటి గాజుపలకలను సిమెంటుతో అతికి తేదీ రాయండి. పలక పగిలితే కదలిక ఉన్నట్టు. బీటకు అటూ ఇటూ రెండు మేకులు కొట్టి నెలకొకసారి వాటి మధ్య దూరం మిల్లీమీటర్లలో కొలవండి. మేస్త్రి దగ్గరుండే నీటి గొట్టంతో నాలుగు మూలల మట్టం తీయించండి. పోల్చడానికి ఇంటిలోనిదే ఒక మూల తీసుకోకండి, అదీ కదులుతుంది. మీ బోరు కేసింగు పైపు అంచును ఆధారంగా పెట్టుకోండి; అది లోతుగా దిగి ఉంటుంది కనుక పైనేల ఊపిరికి కదలదు. పన్నెండడుగుల గదిలో ఒక చివర నుంచి ఇంకో చివరకు పన్నెండు మిల్లీమీటర్ల తేడా వస్తే, అంటే మూడు వందలకు ఒకటి, గోడలు పగలడం మొదలవుతుందని ఇంజనీర్లు పెట్టుకున్న గుర్తు. మీది దాన్ని దాటి ఉంటుందనే నా అంచనా. వేసవి ఒకటి, వానాకాలం ఒకటి ఈ కొలతల కిందికి రావాలి.

ఇంకో చిన్న పరీక్ష మీ పాత బడి సైన్సు గదిలోనే చేయవచ్చు. ఫుటింగు లోతు నుంచి మట్టి తీసి, బాగా ఎండబెట్టి, నూరి సన్నటి జల్లెడ పట్టండి. పది గ్రాములు నీళ్ళున్న కొలజాడీలో, పది గ్రాములు కిరోసిన్ ఉన్న కొలజాడీలో పోసి ఒక రోజు వదిలేయండి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. నీళ్ళలో మట్టి ఎత్తు దానికంటే సగం మేర ఎక్కువైతే మీ నేల బాగా ఉబ్బే నేల. మట్టి పరీక్షశాలల్లో చేసేదీ ఇదే, కాకపోతే ఎండకు బదులు ఓవెన్ ఉంటుంది.

కొలతలు చూశాక కదలిక ఆగిపోయి ఉంటే బీట పూడ్చి సున్నం వేసుకోండి. ఆగకపోతే అప్పుడు పైల్స్. అదీ నేరుగా కాదు, ముందు నేలలో రంధ్రం వేయించి పొరలు చూడాలి. కాకినాడ, భీమవరం ఇంజనీరింగ్ కళాశాలల్లో మట్టి పరీక్షలు చేస్తారు. నైరుతి మూల దగ్గర పదిహేను మీటర్ల దాకా బోరు వేయించండి. అరవై మూడున్నర కిలోల సుత్తిని డెబ్భై ఐదు సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలి, ముప్పై సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో రాస్తారు. రెండు మూడు దెబ్బలు వచ్చిన చోట మట్టి పెరుగన్నం అనుకోండి. ఇరవై దాటిన ఇసుక పొర ఎంత లోతులో ఉంది, దాని మందం ఎంత అన్నది మీకు కావలసిన సమాధానం.

మీ ఇంటికి కాంక్రీటు దిమ్మలు వద్దు. ఒకదాని మీద ఒకటి పేర్చిన దిమ్మల మధ్య అతుకు ఉండదు; నిలువు బరువును మోస్తాయి కానీ పక్కకు నెడితే దండలో పూసల్లా వంకరపోతాయి. పక్కన చెరువు ఉన్న మీకు పక్క తోపుడే భయం. నాలుగంగుళాల ఉక్కు గొట్టం ముక్కలను వెల్డింగ్‌తో కలుపుతూ నొక్కించి, చివరగా లోపల చువ్వ పెట్టి స్లాగ్ సిమెంటు (ఇనుప చిట్టెం కలిపిన సిమెంటు) కాంక్రీటు నింపించండి. మీ వైపు ఉప్పు తగిలిన భూగర్భజలం ఉంటుంది కనుక గొట్టం మందంలో కొంత తుప్పుకు వదిలేసి లెక్క కట్టమని ఇంజనీరుకు చెప్పండి. స్లాగ్ సిమెంటు అడిగేదీ అందుకే. ఆ గొట్టానికి మెత్తటి మట్టిలో మీటరుకు ముప్పాతిక టన్ను వస్తుందనుకుంటే పది టన్నులకు నలభై అడుగుల పైనే దిగాలి. పదిహేను అడుగులకే ఆగింది, అయిపోయిందండి అంటే నమ్మకండి.

జాకీని ఫుటింగు కింద పెట్టనివ్వకండి. బరువు మోస్తున్న ఫుటింగు అడుగున గొయ్యి తీయడమంటే నిద్రపోతున్నవాడి మంచం కోళ్ళు కోయడమే. ఫుటింగు బయట నాలుగు పక్కలా పైల్స్ దిగేలా, పిల్లరు చుట్టూ ఇనుము కట్టి కాంక్రీటు పట్టీ పోసి గోడల కింది ప్లింత్ బీముతో కలపాలి. పట్టీ గట్టిపడ్డాక, దాన్ని ఆనుకుని ఎదురెదురు పైల్స్ ఒక జతగా నొక్కాలి. ప్రతి పైల్‌కు ఎంత లోతు దిగింది, చివరికి ఎంత ఒత్తిడి వచ్చింది అన్నది అక్కడికక్కడే రాయించి సంతకం తీసుకోండి. జాకీ మీటరు చూపేది ఒత్తిడి మాత్రమే, టన్నులు కాదు. జాకీ లోపలి దండం అడ్డుకోత యాభై చదరపు సెంటీమీటర్లయితే, మీటరు మీద చదరపు సెంటీమీటరుకు రెండు వందల కిలోలు చూపితే, పది టన్నులు. ఈ గుణకారం పనివాళ్ళ ఎదురుగా మీరే చేయండి, సగం పని చక్కబడుతుంది. మోయవలసిన బరువుకు ఒకటిన్నర రెట్లు నొక్కి చూపించాలి. మర్నాడు మళ్ళీ నొక్కి, పట్టు తగ్గలేదని చూశాకే ఆనులు బిగించాలి.

ఇల్లు పాత మట్టానికి పూర్తిగా వచ్చి తీరాలని పట్టుపట్టకండి. ఇన్నేళ్ళలో స్లాబు, గోడలు కొత్త వంపుకు సర్దుకున్నాయి. బలవంతంగా ఎత్తితే బీట ఒకచోట మూసుకుని, బాగున్న గోడలో ఇంకోచోట తెరుచుకుంటుంది. దిగడం ఆగడం ముఖ్యం. తిరిగి లేచింది సగమైనా లాభమే. లేచిన మేరకు గచ్చు కింద డొల్ల ఏర్పడుతుంది, దాన్ని పల్చటి సిమెంటు పాలతో నింపించడం మరచిపోవద్దు.

ఒక మూలకు మాత్రమే పైల్స్ వేస్తే ఆ మూల కదలదు, మిగతా ఇల్లు ఏటా ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది. రెండూ కలిసేచోట కొత్త బీట రావచ్చు. మీ కిరోసిన్ పరీక్షలో మట్టి బాగా ఉబ్బితే ఈ ప్రమాదం పెద్దది. అప్పుడు పడమర, దక్షిణం వరసల్లోని పిల్లర్లన్నిటికీ వేయాలి. ఉబ్బడం తక్కువైతే నైరుతి పిల్లరు, దానికి అటూ ఇటూ ఒక్కొక్కటి చాలు. అందుకే ముందు ఆ పరీక్ష చేయమన్నాను. గ్యారంటీ కాగితం ఇస్తామంటారు. అందులో ఉండేది మళ్ళీ కుంగితే మళ్ళీ వచ్చి ఉక్కు పలకలు బిగిస్తామన్న మాట. పగిలిన గోడకు, నేల పలకలకు, రంగులకు ఖర్చు పెడతామని ఉండదు. సంతకం పెట్టే ముందు ఆ వాక్యం వెతకండి.

మీ ఆవిడగారికి చెప్పండి, నైరుతి పల్లమవడం కీడు కాదు, నైరుతిలో చదరపు మీటరుకు పదమూడు టన్నులు పడడం కీడు. ట్యాంకు దించిన రోజునే ఆ దోషంలో కొంత పోయినట్టు.

ఓణీల వేడుక డాబా మీద మాత్రం వద్దు. వంద మంది జనం అంటే ఆరు టన్నులు. పైగా అందరూ పైగది నీడ పడే చోటికే, అంటే నైరుతి వైపుకే చేరతారు. వాకిట్లో తూర్పు వైపు షామియానా వేయించండి. వంటవాళ్ళ పొయ్యిలు, నీళ్ళ డ్రమ్ములు కూడా పడమటి గోడకు ఆనించి పెట్టకుండా చూడండి. వేడుక ముందు రోజు గాజుపలకల మీద పసుపు కుంకాలు రాయకుండా పిల్లలకు చెప్పండి, తేదీలు చెరిగిపోతాయి.